ఉప్పునీళ్లు, నాపబండలు, ఇంటి పనులు: సీమ ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి చిట్కాలని ఫోన్లలో తిరిగేవాటిలో చాలావరకు మన కాడ పనిచేయవు. కొన్నయితే ఉన్నదాన్ని పాడుచేస్తాయి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో రెండు సంగతులు వేరు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కాళ్లకింద, వంటగట్టు మీద ఉండేది నాపబండ. ఈ రెండూ మనసులో పెట్టుకుని రాసిన జవాబులివి.

కొళాయికి, బకెట్టుకు పట్టే తెల్లపొర ఏంది? సబ్బుతో ఎంత తోమినా పోదెందుకు?

అది మురికి కాదు, రాయి. భూమిలో ఊరిన నీళ్లు దారిలో సున్నాన్ని కరిగించుకుని పైకి వస్తాయి. ఆ నీళ్లు ఆరినచోట, కాగినచోట సున్నం మళ్లీ గట్టిపడి పొరగా నిలుస్తుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. సబ్బు జిడ్డును వదిలిస్తుందేగానీ సున్నాన్ని కరిగించలేదు. దానికి పులుపు కావాలి.

ఇక్కడే అసలు చిక్కుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నుంచి వచ్చే నాపరాయి కూడా సున్నపురాయే. ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. అంటే కొళాయి మీది పొర, దాని కింద ఉన్న బండ ఒకే జాతి. పొరను కరిగించే ప్రతి మందూ బండను తింటుంది. నమ్మకం లేకపోతే గట్టు కింద కనపడని మూల ఒక నిమ్మరసం చుక్క వేసి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు లేస్తాయి. నిమిషం తర్వాత తుడిస్తే అంతమేర నునుపు పోయి, వేలికి గరుగ్గా తగులుతుంది. గ్రానైటు మీద అలా జరగదు. మీ గట్టు ఏ రాయో తెలియకపోయినా ఈ పరీక్షతో తేలిపోతుంది.

అయితే కొళాయి పొర ఎలా తీయాలి?

కిరాణా అంగట్లో నిమ్మ ఉప్పు అడగండి. పులిహోరలో, పానకాల్లో వేసే తెల్లటి పొడి అది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 25 గ్రాములు కలపండి. మరిగే నీళ్లు వద్దు. వేడి ఎక్కువైతే సున్నమూ నిమ్మ ఉప్పూ కలిసి కరగని తెల్లపిండిగా మారి మళ్లీ అడుగున పేరుకుంటాయి.

ముందు కొళాయి కింద బండ మీద ప్లాస్టిక్ కవరు పరిచి, దానిమీద పాత తువ్వాలు మడత పెట్టండి. పాత బనీను ముక్కను ఆ నీళ్లలో తడిపి కొళాయికి చుట్టండి. అరగంట ఉంచండి. గుడ్డ ఆరుతుంటే మధ్యలో ఇంకోసారి తడపాలి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. మందంగా పట్టి ఉంటే రెండుమూడు రోజులు వరుసగా ఇదే పని చేయాలి. రాత్రంతా చుట్టి వదిలేయకండి, మెరుగు పూత లేచిపోతుంది. బ్లేడుతో గీకడం ఇంకా చెడ్డది. గీత పడినచోట కొత్త పొర త్వరగా, గట్టిగా పడుతుంది.

నీళ్లు సన్నగా వస్తుంటే కొళాయి మూతి దగ్గరున్న చిన్న జల్లెడను చేత్తో తిప్పి విప్పి అదే నీళ్లలో గంట నానేయండి. షవరుకైతే బలమైన ప్లాస్టిక్ సంచిలో ఆ నీళ్లు పోసి, షవరు మునిగేలా రబ్బరుబ్యాండుతో కట్టి గంట తర్వాత విప్పండి. సంచి జారి కింద పడితే బండలు పాడవుతాయి కాబట్టి కింద టబ్బు పెట్టుకోవాలి.

అసలు పొర పట్టకుండా చేసే పని వీటన్నిటికంటే సులువు. రాత్రి చివరి పని అయ్యాక కొళాయిని, సింకును పొడిగుడ్డతో ఒకసారి తుడవడం. నీళ్లు ఆరితేనే సున్నం మిగులుతుంది. ఆరకముందే తుడిచేస్తే మిగలదు.

వంటగట్టు మీద చింతపండు పులుసు పడి తెల్లమచ్చ అయింది. పోతుందా?

పోతుంది, కానీ కడిగితే పోదు. అది అంటుకున్న మరక కాదు, అంతమేర రాయి కరిగిపోయింది. అందుకని చుట్టూ ఉన్న రాయితో సమానంగా మళ్లీ నునుపు చేయాలి.

హార్డువేరు అంగట్లో నీళ్లతో రుద్దే గరుకు కాగితం దొరుకుతుంది. 400, 800, 1500, 2000 నంబర్లు ఒక్కో షీటు తెచ్చుకోండి. మచ్చ మీద నీళ్లు చల్లి 400తో మొదలుపెట్టి, మచ్చ అంచు దాటి నాలుగు వేళ్ల వెడల్పు వరకు గుండ్రంగా రుద్దండి. ఒక్కో నంబరుకు మూడు నాలుగు నిమిషాలు. నంబరు మార్చేముందు బూడిదరంగు నీళ్లు పూర్తిగా తుడిచేయాలి. ముందు కాగితం రేణువు ఒక్కటి మిగిలినా తర్వాతి కాగితం కింద గీతలు పెడుతుంది. 2000 అయ్యాక బాగా ఆరనిచ్చి, రెండు మూడు చుక్కల కొబ్బరినూనె గుడ్డకు రాసి తుడవండి, నలుపు తిరిగి వస్తుంది. మచ్చ లోతు తక్కువైతే 800 నుంచే మొదలుపెట్టవచ్చు. మచ్చ వరకే రుద్దితే అక్కడ గుంటలా కనపడుతుంది, అంచు దాటి పోవాలన్నది అందుకే.

నిమ్మకాయ, మామిడికాయ, టమాటా కోసేటప్పుడు గట్టు మీద నేరుగా కోయకుండా చెక్క పలక పెట్టుకుంటే ఈ పని ఉండదు. మామిడికాయ ఊరగాయ పెట్టే రోజుల్లో గట్టంతా పాత చాప గానీ ప్లాస్టిక్ షీటు గానీ పరచడం తప్పనిసరి.

నేల బండలు రోజూ దేనితో తుడవాలి?

బకెట్టు నీళ్లకు గిన్నెలు తోమే ద్రావణం ఒక మూత చాలు. తుడిచిన వెంటనే పొడిగుడ్డతో ఇంకోసారి లాగితే తెల్ల చారలు రావు. వెనిగరు, నిమ్మరసం, బాత్రూం యాసిడు మూడూ నాపబండకు శత్రువులే. కొత్త ఇంట్లో సిమెంటు మరకలు పోవడానికని పనివాళ్లు యాసిడు పోసి కడుగుతుంటారు. ఒక్క కడుగుకే నునుపు పోయి, ఆ తర్వాత ఎంత తుడిచినా దుమ్ము పట్టుకునే నేల మిగులుతుంది. మీ ఇంట్లో ఆ పని జరగనివ్వకండి. సిమెంటును తడిపి, వెడల్పాటి ప్లాస్టిక్ పారతో ఓపిగ్గా గీకించండి.

ఇంకోమాట, ఇది ప్రాణాల సంగతి. యాసిడును బ్లీచింగ్ పౌడరుతో గానీ బట్టల బ్లీచుతో గానీ ఎప్పుడూ కలపకూడదు. ఒకదాని తర్వాత ఒకటి వెంటవెంటనే పోయడం కూడా అంతే. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరాడనివ్వదు. పొరపాటున అలా జరిగితే నీళ్లు పోస్తూ నిలబడకండి. ముందు బయటికి వచ్చి తలుపు తెరిచి పెట్టండి.

గీజరు గురగురమంటోంది, నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది. ఎందుకు?

లోపలి కాయిలుకు సున్నం పట్టింది. పొర కింద చిక్కిన నీళ్లు మరిగి పగిలే చప్పుడే అది. పొర మందమయ్యే కొద్దీ వేడి నీళ్లకు అందదు, కరెంటు కాలుతుంది, చివరికి కాయిలు పోతుంది. వేడి పెరిగే కొద్దీ సున్నం త్వరగా పడుతుంది కాబట్టి తిప్పుడుమీట 50, 55 డిగ్రీల దగ్గరే ఉంచండి. బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయించాలి. అదే రోజు లోపలి మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. ట్యాంకుకు బదులు తాను తుప్పుపట్టడానికే దాన్ని పెడతారు. పెన్సిలంత సన్నబడితే మార్పించాలి.

బకెట్టులో వేసే హీటర్ రాడ్డుకైతే ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లగ్గు పీకి, రాడ్డు పూర్తిగా చల్లారాక, రెండు లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కాయిలు మాత్రం మునిగేలా గంట ఉంచండి. పైన వైరు చేరే తల తడవకూడదు. కొంతమంది రాడ్డును బండకేసి కొట్టి పొర రాలుస్తారు. పైగొట్టం చీలితే ఆ చీలికలోంచి నీళ్లలోకి కరెంటు వస్తుంది. రాడ్డు వాడేటప్పుడు ఇనుము, స్టీలు బకెట్లు వద్దు. స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు పీకాకే నీళ్లలో చేయి పెట్టాలి.

బట్టలు ఎంత ఉతికినా నురగ రాదు, ఆరాక తెల్లచారలు. ఏం చేయాలి?

సబ్బు ముందు నీళ్లలోని సున్నంతో పోరాడి జిగురు తెట్టెగా మారుతుంది. మిగిలిందే మురికి మీద పనిచేస్తుంది. ఇంకొంచెం సబ్బు వేయడం దండగ. ముందు నీళ్లను మెత్తబరచాలి. 20 లీటర్ల బకెట్టుకు రెండు పెద్ద చెంచాల చాకలిసోడా, అంటే సుమారు 30 గ్రాములు వేసి బాగా కలిపి పది నిమిషాలు ఆగండి. నీళ్లు పాలవిరుగుడులా మసకబారతాయి. సున్నం విడిపోతోందన్న గుర్తు అది. తర్వాత సబ్బుపొడి వేస్తే ఎప్పుడూ వేసేదాంట్లో సగంతో నురగ వస్తుంది. చేతులు చిట్లుతాయి, గ్లవుజులు వేసుకోండి. నల్ల, ముదురు రంగు బట్టలకు చివరి జాడింపులో పావు కప్పు తెల్ల వెనిగరు పోస్తే చారలు పోతాయి. ఆ నీళ్లను నాపబండల మీద పారబోయకుండా నేరుగా మోరీలో పోయండి.

ధర్మవరం పట్టుచీరకు మాత్రం చాకలిసోడా తగలనివ్వకూడదు. పట్టు జంతువు పోగు, సోడా దాన్ని తింటుంది. మరీ ఇంట్లోనే ఉతకాల్సి వస్తే ఫిల్టరు (ఆర్‌ఓ) నీళ్లలో చిన్న చెంచా షాంపూ, రెండు నిమిషాలు ముంచి తీసి, పిండకుండా నీడన ఆరవేయాలి. జరీ బరువుగా ఉన్న చీరలకు అదీ వద్దు.

వాషింగ్ మెషీన్‌కు?

నెలకోసారి బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పు డ్రమ్ములో వేసి 60 డిగ్రీల మీద ఒక విడత తిప్పండి. ఆ రోజు బ్లీచు జోలికి పోవద్దు. మెషీన్ వెనక నీళ్ల పైపు చేరేచోట చిన్న జల్లెడ ఉంటుంది. పైపు విప్పి దాన్ని కూడా కడగండి. నీళ్లు నిండడం ఆలస్యమైతే సగం సార్లు తప్పు దానిదే.

బోరు నీళ్లలో కందిపప్పు ఎన్ని విజిల్సు వచ్చినా పలుకుగానే ఉంటుంది.

పప్పు గింజలో కణాలను పట్టి ఉంచే బంకకు నీళ్లలోని సున్నం తోడైతే అది మరింత బిగుస్తుంది. పప్పు పాతదైతే ఇంకా మొండికేస్తుంది. తాగడానికి పట్టుకున్న ఫిల్టరు నీళ్లలోనే పప్పును 40 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లలోనే ఉడకనివ్వండి. కప్పు పప్పుకు రెండున్నర కప్పుల నీళ్లు సరిపోతాయి. పసుపు, చుక్క నూనె వేయవచ్చు. చింతపండు, టమాటా, చుక్కకూర మాత్రం పప్పు మెత్తబడ్డాకే. పులుపు కూడా సున్నంలాగే పప్పును బిగదీస్తుంది.

ఫిల్టరు నీళ్లు లేని రోజు వంటసోడా రెండు వేళ్ల మధ్య పట్టినంత. అంతకు మించితే పప్పు జిగురై సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది.

కుక్కరు లోపల నల్లబడుతోంది. సంగటి అడుగంటితే?

అల్యూమినియం కుక్కరులో గుడ్లో, గిన్నెలు పెట్టి అన్నమో వండేటప్పుడు అడుగునీళ్లలో గోలీకాయంత చింతపండు గానీ పిండేసిన నిమ్మచెక్క గానీ వేయండి, నలుపు రాదు. వచ్చిన నలుపు పోవాలంటే నలుపు మునిగేదాకా నీళ్లు పోసి, నాలుగు నిమ్మచెక్కలు వేసి పది నిమిషాలు మరిగించండి. అల్యూమినియాన్ని సోడాతో తోమకండి, ఇంకా నల్లబడుతుంది. సోడా స్టీలుకే పనికొస్తుంది.

సంగటి గిన్నెకు వేడినీళ్లు పోస్తే పిండి మళ్లీ ఉడికి అంటుకుంటుంది. చన్నీళ్లు పోసి రెండు గంటలు వదిలేయండి. అంచున ఒకచోట సంగటి కట్టెతో లేపితే తోలులా ఊడి వస్తుంది. మాడి నల్లబడి ఉంటే, స్టీలు గిన్నె అయితే, వేలెత్తు నీళ్లలో పెద్ద చెంచా వంటసోడా వేసి పది నిమిషాలు ఉడికించి చల్లారాక తోమండి. ఇనుప పీచు ఆఖరి మార్గం.

కూలరు మే నెలలోనే చల్లగా రావడం మానేసింది.

42, 43 డిగ్రీల ఎండలో, పొడిగాలికి కూలరు బాగా పనిచేయాలి. చేయడం లేదంటే ముందు గడ్డి పలకలను చూడండి. ఒక లెక్క చెప్తాం. 40 లీటర్ల ట్యాంకు నింపారు, ఆవిరైన కొద్దీ ఇంకో 120 లీటర్లు పోశారనుకోండి. నీళ్లు ఆవిరవుతాయి, సున్నం ఆవిరి కాదు. 160 లీటర్ల సున్నం ఆ 40 లీటర్లలోనే ఉండిపోతుంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల నీళ్లయితే అది 96 గ్రాములు. అదంతా గడ్డికి, పంపుకు, సన్న గొట్టం రంధ్రాలకు పడుతుంది. గడ్డి రాయిలా బిగుసుకుంటే గాలి దూరదు, నీళ్లు జారవు.

అందుకే మూడు రోజులకోసారి ట్యాంకు అడుగు బిరడా తీసి మొత్తం నీళ్లు వదిలేయండి, పైన పోసుకుంటూ పోవద్దు. వారానికోసారి ట్యాంకును రుద్ది ఒక పూట ఎండనివ్వండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం, పది రోజులు చాలు. పైన నీళ్లు జారే గొట్టం రంధ్రాలను గుండుసూదితో పొడవండి. పంపును విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో గంట నానేసి, రెక్కచక్రం వేలితో తిప్పి చూడండి. బిగుసుకున్న గడ్డిని కడిగి లాభం లేదు, మార్చాల్సిందే. తేనెపట్టు మాదిరి గళ్లుండే అట్ట పలకలైతే నిమ్మ ఉప్పు నీళ్లు చల్లి, అరగంటకు సన్నటి ధారతో కడగవచ్చు.

కూలరును కిటికీకి ఆనించి బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ బెత్తెడు తెరవాలి. అన్నీ మూస్తే గదిలో తేమ పేరుకుని ఉక్కపోస్తుంది. నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకడం పిల్లలకు కూడా నేర్పించండి. రేకు కూలరుకు ఎర్తింగు లేకపోతే వాడనే వద్దు.

ఇన్వర్టర్ బ్యాటరీలో కాచి చల్లార్చిన నీళ్లు పోయొచ్చా?

వద్దు. ఫిల్టరు నీళ్లు కూడా వద్దు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఆవిరి ఇస్త్రీపెట్టెకు కూడా అదే మేలు.

ఫిల్టరు వదిలేసే నీళ్లను ఏం చేయాలి? కాస్తే ఫ్లోరైడు పోతుందా?

వదిలేసే నీళ్లలో లవణాలు మామూలు బోరు నీళ్లకంటే ఎక్కువ. వాటితో నేల తుడిస్తే చారలు పడతాయి, కుండీల మొక్కలకు రోజూ పోస్తే ఆకుల అంచులు మాడతాయి. మరుగుదొడ్డికి, గిన్నెల మొదటి కడుగుకు, వాకిలి చల్లడానికి వాడుకోండి.

కాస్తే క్రిములు చస్తాయి, కొంత సున్నం అడుగుకు దిగుతుంది. ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరే కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే మంచిది, వేరే దారి లేకపోతే 1.5. అనంతపురం వైపు కొత్తగా బోరు వేసినవాళ్లు తాగేముందు పరీక్ష చేయించాల్సిందే. పిల్లలున్న ఇంట్లో దీన్ని వాయిదా వేయకండి.

బియ్యంలో, పప్పులో పురుగు. చెనిక్కాయలు ఎలా దాచాలి?

బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ బీటలు పడి అన్నం ముద్దవుతుంది. నీడన, గాలికి పలచగా పరిచి, పురుగులు పాకిపోయాక చెరగండి. వేపాకు పచ్చిది వేయకూడదు, తేమతో బూజు పడుతుంది. నీడన గలగలమనేదాకా ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి డబ్బా అడుగున, మధ్యన, పైన పెట్టండి. కందిపప్పుకు కిలోకు చిన్న చెంచా ఆముదం అరచేతికి రాసుకుని పప్పుకు పట్టిస్తే పురుగు ఆగుతుంది. రవ్వ, శనగపిండి తెచ్చిన రోజే నాలుగు రోజులు ఫ్రీజరులో ఉంచితే అందులోని గుడ్లు చస్తాయి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మనుషులు పడుకునే ఇంట్లోకి రానే రాకూడదు. అవి వదిలే వాయువు నిద్రలోనే చంపుతుంది.

చెనిక్కాయలను (కర్నూలు వైపు బుడ్డలంటారు) పొట్టుతోనే దాచండి. కాయ చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. మెత్తటి చప్పుడొస్తే ఇంకా ఎండాలి. సంచిని నేరుగా నాపబండ మీద పెట్టకుండా చెక్క మీద పెట్టండి, వానాకాలంలో బండ చెమర్చి అడుగు కాయలకు బూజు పడుతుంది. పసుపుగా, ఆకుపచ్చగా బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి పారేయాల్సిందే. ఆ బూజు విషం వేయించినా పోదు, పశువులకూ పెట్టకూడదు.

ఎర్రగడ్డలు వారానికే మెత్తబడుతున్నాయి.

కర్నూలు మార్కెట్టుకు వచ్చే ఖరీఫ్ గడ్డలో తేమ ఎక్కువ, అది నిల్వకు పుట్టింది కాదు. పది రోజులకు సరిపడా మాత్రమే కొనండి. ఎండాకాలంలో వచ్చే రబీ పంట అయితే నెలలు ఉంటుంది. ప్లాస్టిక్ కవరులోంచి తీసి వెదురుబుట్టలో, గాలి ఆడేచోట పలచగా పోయండి. మెడ దగ్గర నొక్కి చూసి మెత్తగా ఉన్నవి ముందు వండేయాలి. ఉర్లగడ్డల పక్కన పెట్టకండి, ఒకదాని తేమకు ఇంకొకటి మొలకెత్తుతుంది.

ఇత్తడి బిందె తోమిన మర్నాటికే మచ్చలు పడుతోంది.

చింతపండు ఎక్కువసేపు ఉంచడం, బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనివ్వడం, తప్పు ఈ రెండింటిలోనే ఉంటుంది. నిమ్మకాయంత నానిన చింతపండుకు చిన్న చెంచా రాళ్లుప్పు కలిపి రుద్ది, రెండు నిమిషాల్లో కడిగేయండి. చివరి చెంబు ఫిల్టరు నీళ్లు. వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడిచి, పది నిమిషాలు ఎండలో బోర్లించండి. తోమేది మట్టినేల మీదో, సిమెంటు తొట్టి పక్కనో పెట్టుకోండి. చింతపండు పిప్పిని వంటగట్టు మీద వదిలేస్తే బిందె మెరుస్తుంది, దాని పక్కన బండ మీద అరచేయంత తెల్లమచ్చ మిగులుతుంది.